మూతరాయి కింద చినుకులు

నాలుగు గంటలకు జీపు వస్తుందని ఇన్‌స్పెక్టర్ నారాయణప్ప చెప్పినప్పుడు కొండప్ప చేతి గడియారంలో పదకొండూ పది.

"జీపు ఎక్కించేది ఈ నాగక్కనే. అందులో మార్పు లేదు. అంతవరకూ మీరు చూసేది చూసుకోండి, డిటెక్టివ్ సారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. 'సారూ' అనే మాటను కొంచెం సాగదీశాడు. పద్నాలుగేళ్ళ కింద ఇదే నారాయణప్ప కొండప్ప దగ్గర కానిస్టేబులు.

కృష్ణగిరి నుంచి కావేరిపట్టణం పోయే దారిలో నాలుగో మైలు దగ్గర ఒక గట్టి నేల దిన్నె. దాని మీద ఏడు ధాన్యపు పాతరలు, ఒక రేకుల షెడ్డు, ఒక బావి. పాతరలన్నీ ధర్మనిధి సంఘానివి. రైతులు కోతల్లో రాగులిస్తారు. హోసూరు ఫ్యాక్టరీల పనివాళ్ళు ఒక రోజు కూలి ఇస్తారు. ఇచ్చేటప్పుడు ఎవరికి చేరాలో దాత చెబుతాడు. సంఘం దాన్ని భద్రం చేసి, తొమ్మిది చిన్న సంస్థలకు నెలనెలా పంచుతుంది. ఆ తొమ్మిదింటిలో ఒక్కదానికి కూడా ఇల్లిల్లూ తిరిగి అడిగే మనుషులు లేరు.

నిన్న, సోమవారం పొద్దున, మూడో పాతరలో కావలిమనిషి శేషప్ప శవం దొరికింది. శవాన్ని మొదట చూసింది నాగక్క. కావేరిపట్టణంలో పోలియో వచ్చిన పిల్లల ఆశ్రమం నడిపేది ఆమే. ఇప్పుడు షెడ్డు నీడలో గోనెపట్ట మీద కూర్చుని ఉంది. పక్కన ఒక ఆడ కానిస్టేబులు.

కొండప్ప ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నాగక్కా, నేను కొండప్ప. సంఘం ప్రెసిడెంటు శ్రీరంగప్ప పిలిపించినాడు. మొదట్నించి చెప్పు. తొందర లేదు."

"తొందర లేదంటావేన్నా. నాలుగింటికి జీపంట. ఆడ ముప్పై రెండు మంది పిల్లోళ్ళుండారు. గంజి కాచేదానికి కదిరమ్మ ఒక్కతే. నన్ను తీసుకొనిపోతే పిల్లోళ్ళను యాడికి పంపేది?"

"అట్లయితే తొందరగా చెప్పు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

"శనివారం మీటింగులో కొట్లాడితివంట," అన్నాడు కొండప్ప.

"కొట్లాడితిని. నెలకు ఎనిమిది మూటలు వచ్చేది. రెండేండ్లుగా వానల్లేక మా పేరు మీద ఇచ్చేవాళ్ళ చేలు ఎండిపాయె. మూడు మూటలకు వచ్చె. పిల్లోళ్ళకు ఒంటిపూట గంజి పోస్తా ఉండాను. మూడో పాతరలో పదహారు మూటలు నాలుగేండ్లుగా ఊరికే పడుండాయి. ముసలోళ్ళ ఆశ్రమానికని ఎవురో ఇచ్చిందంట. ఆ ఆశ్రమం కట్టనే లేదు. కట్టని ఇంటికి పెట్టినారు, కడుపు కాలే పిల్లోళ్ళకు పెట్టరా అంటిని."

"పాతర పగలగొట్టైనా తీసుకొంటానని అన్నావా?"

"అన్నాను."

"పదిమంది విన్నారు. సోమవారం ఖాళీ సంచులతో బండి తోలుకొని వచ్చినావు. ఎవరు రమ్మన్నారు?"

నాగక్క పక్కనున్న కానిస్టేబులు వైపు చూసింది. ఆడ కానిస్టేబులు బావి దగ్గరికి నీళ్ళకు లేచిపోయేదాకా కొండప్ప ఓపిక పట్టాడు.

"శేషప్ప రమ్మన్నాడు," అంది అప్పుడు, గొంతు తగ్గించి. "మీటింగు అయినాక బయట నా పక్కన నిలబడి, 'సోమవారం తొమ్మిదింటికి బండి తీసుకొని రామ్మా, నేను తీసిపెట్టుంటాను, ఎవురికీ చెప్పొద్దు' అనె."

"ఈ మాట ఇన్‌స్పెక్టరుకు చెప్పలేదు నువ్వు."

"ఎట్ల చెప్పేదన్నా? చచ్చిపోయినోణ్ణి దొంగను చేసినట్టు కదా. పదేండ్లు గింజ తినకుండా కాసినోడు."

"చెప్పకుంటే నువ్వు హంతకురాలివి."

"తెలుసు," అంది నాగక్క.

"ఆరింటికే బయలుదేరినానని ఇన్‌స్పెక్టరుకు చెప్పినావంట. ఐదు మైళ్ళకు మూడు గంటలా?"

"ఎడమెద్దుకు గిట్ట చీలింది. కావాలంటే చూసుకో. దిగి నడిపించుకొంటా వచ్చినాను. దారిలో తెలిసినోళ్ళు ఒక్కరూ కనపళ్ళేదు, అది నా కర్మ."

"వచ్చి చూస్తే?"

"మూత పక్కన ఉండాది. తొంగి చూస్తి. రాగుల మీద బోర్లా పడుండాడు. తట్ట చేతి పక్కన ఉండాది. పిలిస్తిని. పలకలా. దిగుదామని తాడు పట్టుకొని నాలుగడుగులు పోతి, ఊపిరాడలా. పైకొచ్చి అరుస్తా రోడ్డుకు పరిగెత్తితిని."

కొండప్ప లేచాడు. బండి దగ్గరికి పోయి ఎడమ ఎద్దు కాలు ఎత్తి చూశాడు. గిట్ట నిజంగానే చీలి ఉంది. చీలికలో పెట్టిన వేపనూనె గుడ్డ ఇంకా ఉంది.

పదకొండూ నలభైకి అతను మూడో పాతర దగ్గర ఉన్నాడు.

పాతరంటే భూమిలో తొవ్విన పెద్ద కూజా. పైన మూతి ఒక మనిషి దూరేంత. కింద పది అడుగుల లోతు. రాగులు పోసి, రాయి మూసి, మట్టీ పేడా కలిపి మెత్తితే పదేళ్ళైనా పురుగు పట్టదు. కానీ మూసిన పాతరలో విషగాలి చేరుతుంది. తీసిన వెంటనే దిగిన మనిషి అరవను కూడా అరవలేడు. అందుకే ముందురోజు మాపున మూత తీసి రాత్రంతా వదిలేస్తారు. అదే రోజు దిగవలసి వస్తే లాంతరు దించి చూస్తారు. దీపం ఆరిపోతే ఎవరూ దిగరు.

"డాక్టరు చెప్పినాడు. ఊపిరాడక చచ్చినాడు, ఏడు ఎనిమిది మధ్య," అన్నాడు నారాయణప్ప వెనక నుంచి. "నెత్తి మీద చిన్న గాయం. తోసింది. మూత వేసింది. చచ్చేదాకా కూర్చునింది. మళ్ళీ తీసింది."

"మళ్ళీ ఏంటికి తీసింది?"

"తీయకుంటే రాగులెట్ల వస్తాయి?"

"అంత రాయి ఆడమనిషి ఒక్కతే దొర్లిస్తుందా?"

"గడపార ఉంటే నా కూతురు కూడా దొర్లిస్తుంది."

కొండప్ప తాడు చూశాడు. ఒక కొస గుంజకు కట్టి ఉంది, రెండో కొస లోపలికి వేలాడుతోంది. గుంజకున్న ముడి లాగేకొద్దీ బిగిసేది. షెడ్డులో మూటలకు శేషప్ప వేసిన ముడులూ అవే. తర్వాత షెడ్డులోకి పోయి మేకుకు తగిలించిన లాంతరు దించాడు. నిండా కిరసనాయిలు. గాజుకు మసి లేదు. వత్తి కొత్తగా కత్తిరించి ఉంది, అంటించలేదు.

"దీపం దించలేదు కదా? దిగాలని రాలేదు. తోసినారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తాడు తానే కట్టినాడు. తట్ట తీసుకొని దిగినాడు. ఊపిరాడక పడినప్పుడు నెత్తికి తగిలింది. తట్ట చేతపట్టుకొని ఎవడూ తోయించుకోడు, నారాయణా."

"మరి పదేండ్ల కావలిమనిషి దీపం దించకుండా ఏంటికి దిగినాడు?"

కొండప్ప మోకాళ్ళ మీద కూర్చుని పాతర చుట్టూ నేల చూశాడు. ఆదివారం రాత్రి వాన కురిసింది. రెండేళ్ళ తర్వాత పడిన వాన. పది గంటలకు మొదలై పదకొండున్నరకు నిలిచిందని తాలూకా అంతా చెబుతుంది. నేల మీద చినుకుల గుంటలు అమ్మవారు పోసిన ముఖంలా ఎండి ఉన్నాయి. నాలుగడుగుల దూరంలో మూతి మీద నుంచి పగలగొట్టిన మట్టిపెళ్ళలు కుప్పగా ఉన్నాయి. వాటి అంచులు కరిగి, ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. అంటే వానకు ముందే మట్టి పగలగొట్టి మూత తీశారు.

ఒక పొడుగు కట్టెకు డబ్బా కట్టి లోపలికి దించాడు. సరిగ్గా మూతి కింద ఉన్న రాగులు తోడి పైకి తెచ్చాడు. దోసిట్లో పోసుకొని చూశాడు. గింజ గింజకూ అంటడంలేదు. వేళ్ళ సందుల్లోంచి జలజలా జారిపోయాయి.

"రాత్రి గంటన్నర వాన పడింది," అన్నాడు. "మూత తీసిన పాతరలో రాగులు ఇట్ల ఉంటాయా?"

నారాయణప్ప దగ్గరికి వచ్చి రాగులు చూశాడు.

"మూతరాయిని నిన్నటినుంచి ఎవరైనా కదిలించినారా?"

"చీపురుపుల్ల కూడా ముట్టనీయలేదు. ఫోటో తీసి ఉండాము."

"ఒక చెయ్యి వెయ్యి."

ఇద్దరూ గడపార పెట్టి రాయిని పైకి లేపారు. రాయి కింద నేల మీద కూడా చినుకుల గుంటలే. బరువుకు కొంచెం అణిగాయి, అంతే. ఒక్కో గుంటా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.

"వాన పడేటప్పుడు ఈ రాయి ఈడ లేదు," అన్నాడు కొండప్ప. "పాతర మీద ఉండాది. విను. ఆదివారం మాపున శేషప్ప మూత తీసి, ఎప్పటిమాదిరే ఊర్లోకి పోయి పండుకొన్నాడు. వానకు ముందర ఎవరో మూసినారు. వాన నిలిచినాక, శేషప్ప వచ్చేలోపల, మళ్ళీ తీసి పక్కన పెట్టినారు. పొద్దున శేషప్ప వచ్చి చూస్తే తాను తీసినట్టే ఉండాది. రాత్రంతా తెరిచిన పాతరకు దీపం దించేవాడు ఈ తాలూకాలో ఎవడూ లేడు. నేనూ దించను."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి నుదురు తుడుచుకొన్నాడు. కొంచెంసేపటికి అతని గొంతు మళ్ళీ గట్టిపడింది.

"బాగా చెప్పినావు. అంటే ఎవరో కావాలని చేసినారు. తోసినదానికంటే ఇది పెద్ద కేసు. శనివారం కొట్లాడింది. ఆదివారం రాత్రి వచ్చి మూసింది."

"రాత్రి అంత దూరం వచ్చి, మళ్ళీ పొద్దున చీలిన గిట్టతో బండి తోలుకొని వచ్చిందా?"

"అది మేజిస్ట్రేటు ముందర చెప్పుకో. పదమూడేండ్ల కింద ఆ మగ్గం మనిషి విషయంలో ఇన్ని ప్రశ్నలు అడిగుంటే లాకప్పులో ఉరేసుకొని ఉండడు. అప్పుడు అరెస్టు కాయితం మీద నువ్వే కదా సంతకం పెట్టింది?"

నేల మీద ఉన్న రాగులు ఏరి కొండప్ప మళ్ళీ డబ్బాలో వేశాడు.

"నేనే," అన్నాడు. "ఆ దినం నన్ను ఎవరైనా నాలుగు గంటలు ఆపి ఉంటే ఎంత బాగుండునో. అందుకే నిన్ను ఆపుతా ఉండాను."

నారాయణప్ప ముఖం తిప్పుకొని రోడ్డు వైపు నడిచాడు.

ఒంటరిగా మిగిలాక కొండప్ప రాయి అంచు మరోసారి చూశాడు. ఎండిన మట్టిలో నాలుగు నల్లటి పోగులు. లాగితే ముతకగా సాగాయి. కంబళి ఉన్ని. పాతర మూతి చుట్టూ కూడా అక్కడక్కడా అవే. మూసినవాడు రాయి పెట్టి ఊరుకోలేదు. సందుల్లోంచి నీళ్ళు దిగకుండా పైన కంబళి కప్పాడు.

చంపాలనుకొన్నవాడు రాగులు తడుస్తాయని కంబళి కప్పుతాడా?

పోగులను అగ్గిపెట్టెలో వేసుకొని దిన్నె వెనక ఉన్న గుండురాయి వైపు పోయాడు. గుండు చాటున గడ్డి అణిగి, ఒక మనిషి పండుకొనేంత జాగా నున్నగా ఉంది. ఒక రాత్రిలో అయిన నునుపు కాదు. చుట్టూ గొర్రెల పెంటికలు, పాతవీ కొత్తవీ. అక్కడ పండుకొంటే మూడో పాతర ఒక్కటే సూటిగా కనిపిస్తుంది.

పన్నెండూ యాభైకి అతను రోడ్డు మీద మాదప్ప టీ అంగట్లో ఉన్నాడు. రెండు నిమిషాల నడక.

"శేషప్ప నిన్న పొద్దున వచ్చినాడా?"

"ఆరున్నరకు వచ్చె. హోసూరు బస్సు పోయినాక," అన్నాడు మాదప్ప. "ఎప్పుడూ ఒక్క టీతో లేచిపోయే మనిషి, నిన్న రెండు టీలు చెప్పె. ఒకటి తనకు, ఇంకొకటి గొర్రెల గుర్రప్పకు."

"గుర్రప్ప కూడా ఉన్నాడా?"

"ఉండాడు. కంబళి తడిసి ముద్దయింది. పొయ్యి పక్కన ఆరబెట్టుకొంటానంటే, నా అంగడంతా గొర్రె కంపు కొడుతుంది పోరా అంటిని. శేషప్ప నవ్వె. అదే కడాపటి నవ్వు. నాకు తెలిసుంటే ఆరబెట్టుకోమందును."

"ఏం మాట్లాడుకొన్నారు?"

"వాన గురించే. ఇంకేం మాట్లాడతారు, రెండేండ్ల తర్వాత వానొస్తే?"

కొండప్ప టీ చల్లారిపోయింది. తాగకుండానే లేచాడు.

శ్రీరంగప్ప రెండింటికి వచ్చాడు. కృష్ణగిరి మండీలో మామిడికాయల వ్యాపారి. సంఘానికి మొదటినుంచీ ప్రెసిడెంటు ఆయనే. నిన్నటినుంచి అన్నం తినలేదని పెదవులు చూస్తే తెలుస్తోంది.

"నాగక్కను విడిపించు కొండప్పా. ఆమె జైలుకు పోతే సంఘం పేరు పోతుంది. పేరు పోతే ఇచ్చేవాళ్ళు ఇవ్వరు. తొమ్మిది సంస్థలూ మూతే."

"మూడో పాతర రాగులు ఎవరిచ్చింది?"

"పేరు చెప్పొద్దని ఇచ్చినాడు ఆయన."

"చెప్పక తీరదు."

శ్రీరంగప్ప చుట్టూ చూశాడు. "గొర్రెల గుర్రప్ప. పెండ్లాము అంగాళమ్మ చనిపోయినాక రెండెకరాల పంట, రెండేండ్లది, అట్లే తెచ్చి పోసినాడు. ఎవురూ లేని ముసలోళ్ళకని. అప్పుడు మనమూ ఆశ్రమం కడదామనే అనుకొన్నాము. జాగా కుదర్లేదు. తర్వాత వానలు పోయినాయి."

"శనివారం నాగక్క అడిగినప్పుడు పోయి గుర్రప్పను ఒకమాట అడగాల్సింది. పిల్లోళ్ళకు మారుస్తాము, ఒప్పుకొంటావా అని."

"అడిగేదా?" శ్రీరంగప్ప నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఒకసారి ఇచ్చినోడి వాకిలికి మళ్ళీ పోతామా కొండప్పా? ఇచ్చింది చాల్లేదా అన్నట్టు కాదా? అదీ పెండ్లాము పేరు మీద ఇచ్చినోణ్ణి. నువ్వే కదా నిబంధనలు రాసింది. దాత చెప్పిన చోటికి తప్ప గింజ కదలరాదని నీ చేతిరాతే కదా."

కొండప్ప తల ఊపాడు. డెబ్బై నాలుగులో, ఇదే షెడ్డులో, ఒక కొత్త నోటుబుక్కులో రాశాడు. దాత ఒప్పుకొంటే మార్చవచ్చు అని కూడా రాశాడు. ఆ ఒప్పుకోలు అడిగేది ఎవరని రాయలేదు. రాయాలని అతనికి తోచలేదు. ఇచ్చినవాణ్ణి మళ్ళీ అడగడమనేది అతని ఇంట్లోనూ లేదు.

మూడు గంటలకు గుర్రప్ప మందను బావి తొట్టి దగ్గరికి నీళ్ళకు తోలుకొని వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, సన్నగా, చేతిలో పొడుగాటి కట్టె. జూన్ ఎండలో కూడా భుజం మీద నల్ల కంబళి ఉంది.

"కంబళి ఆరిందా గుర్రప్పా?" అన్నాడు కొండప్ప.

"ఆరింది సామీ. వాసన పోలా."

"ఆదివారం రాత్రి అది నీ భుజం మీద లేదు. మూడో పాతర మీద ఉండాది."

ముసలివాడు పట్టుబడిన దొంగలా నేల చూశాడు. తర్వాత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"చూసినావా సామీ? ఎవురికీ చెప్పొద్దు. నవ్వుతారు. ఇచ్చినోడు ఇచ్చినదాని వెనకాల తిరగరాదు. నాకు తెలుసు. కానీ మా ఆడది మంచంలో ఉన్నప్పుడు అనె, 'నాకు నువ్వుండావు, ఎవురూ లేని ముసలోళ్ళను ఎవురు చూస్తారు' అని. మాకు బిడ్డల్లేరు సామీ. ఆ రాగులు ఈడ ఉంటే ఆమే ఈడ ఉన్నట్టు ఉంటాది నాకు."

"అందుకని నాలుగేండ్లుగా గుండు చాటున పండుకొంటావా?"

"మందకు కావలి అంటే ఎవురైనా నమ్ముతారు కదా."

"ఆదివారం ఏమైంది?"

"మాపటేల శేషప్ప మూత తీసె. నేను గుండు చాటు నుంచి చూస్తా ఉంటి. నాకు ఎంత సంతోషం! ఆశ్రమం కట్టేసినారు, రేపు మా ఆడదాని రాగులు పోతాయి అనుకొంటిని. రేత్రి మెరుపులు మొదలాయె. శేషప్ప ఊర్లో ఉండాడు. రెండేండ్లు రాని వాన ఆ రేత్రే రావాల్నా సామీ? షెడ్డు పక్కన గడపార ఉంటే తీసుకొని రాయి దొర్లించి మూస్తిని. సందుల్లో నీళ్ళు దిగుతాయని కంబళి పరిస్తిని. నేను తడిస్తే ఏముంది?"

"మళ్ళీ ఎప్పుడు తీసినావు?"

"కోడి కూసేటప్పుడు. రాయి పక్కన పెట్టేస్తిని, శేషప్ప పెట్టినట్టే."

"ఏంటికి తీసినావు గుర్రప్పా?"

"మూసి ఉంటే అడుగుతాడు కదా, ఎవురు మూసిరి అని. నేనని తెలిసిపోతాది. ఇచ్చి కూడా కాపలా కాస్తా ఉండాడే వీడు, సంఘాన్ని నమ్మలేదే అనుకోడా?"

నారాయణప్ప షెడ్డు పక్క నుంచి నెమ్మదిగా వచ్చి నిలబడ్డాడు. అంతా విన్నాడని కొండప్పకు అర్థమైంది. ముసలివాడు అతన్ని చూడలేదు.

"పొద్దున టీ అంగట్లో శేషప్పకు చెప్పి ఉండొచ్చు కదా," అన్నాడు కొండప్ప.

"నోటిదాకా వచ్చె సామీ. శేషప్పే అడిగె. 'రేత్రి వానకు పాతర ఏమాయెనో గుర్రప్పా, నిద్ర పట్టలేదు' అనె. నేను, 'ఏం కాలేదులే, గాలికి జల్లు ఏటవాలుగా కొట్టె, పాతర మూతిలోకి చినుకు పడలా' అంటిని. పాపం, ఆ మాట వినినాక నాకూ ఒక టీ చెప్పె."

కొండప్ప గడియారం చూసుకొన్నాడు. మూడూ ఇరవై. చెప్పకుండా పోగలిగితే పోయేవాడు. షెడ్డులో నాగక్క తల వంచుకొని కూర్చుని ఉంది.

"శేషప్పను ఎవరూ తోయలేదు గుర్రప్పా," అన్నాడు.

"ఆ ఆశ్రమం ఆమె తోసిందని..."

"తోయలేదు. తానే దిగినాడు. దీపం దించలేదు."

"దించకుండా ఎట్ల దిగుతాడు? రేత్రంతా మూసి..."

ముసలివాడు ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. పాతరల గురించి అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. చేతిలో కట్టె కిందపడింది. తీసుకోవడానికి వంగి, అట్లాగే నేల మీద కూర్చుండిపోయాడు. నీళ్ళు తాగిన గొర్రెలు వచ్చి అతని చుట్టూ నిలబడ్డాయి.

ఒక గొర్రె మెడ మీద చెయ్యి వేసి అడిగాడు.

"ఆశ్రమానికి రాగులు పోయినాయా సామీ?"

"ఆశ్రమం లేదు గుర్రప్పా. కట్టలేదు."

"మరి శేషప్ప ఏంటికి తీసినాడు?"

"నాగక్క దగ్గర ముప్పై రెండు మంది కాళ్ళు పడిపోయిన పిల్లోళ్ళుండారు. ఒంటిపూట గంజి. వాళ్ళకు ఇద్దామని తీసినాడు. నీకు తెలీకుండా, సంఘానికి తెలీకుండా. దొంగతనమని తెలిసే తీసినాడు."

గుర్రప్ప కొండప్పను చూశాడు. తర్వాత షెడ్డు దగ్గర నిలబడిన శ్రీరంగప్పను చూశాడు.

"నన్ను అడిగుంటే ఇస్తును గదా," అన్నాడు. కోపంగా కాదు. అర్థంకాక అడిగినట్టు. "పిల్లోళ్ళు ఆకలితో ఉండారంటే వద్దంటానా? మా ఆడదైతే తానే తట్ట ఎత్తుకొని ఇచ్చును. దినమూ ఈడే ఉంటినే సామీ. నాలుగేండ్లలో ఒక్కరన్నా వచ్చి ఒక్కమాట అడగలేదే."

శ్రీరంగప్ప షెడ్డు గుంజ పట్టుకొన్నాడు.

జీపు పది నిమిషాలు ముందే వచ్చింది. నారాయణప్ప ఆడ కానిస్టేబులుకు సైగ చేశాడు. ఆమె నాగక్క పక్క నుంచి లేచింది.

"నువ్వు ఇంటికి పోవచ్చమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. తర్వాత కొండప్ప వైపు తిరిగాడు. గొంతులో సాగదీత లేదు. "ముసలాయన స్టేట్‌మెంటు కావాల, అన్నా. తీసుకోక తప్పదు. మనిషి చచ్చినాడు. ఏ సెక్షన్ కింద పెడతారో, విడుస్తారో, అది నా చేతిలో లేదు."

"తెలుసు."

"నేను కొట్టను, తిట్టను. ఆ మాట ఇస్తాను."

గుర్రప్ప తానే లేచి జీపు దగ్గరికి నడిచాడు. పోతూ శ్రీరంగప్ప ముందు నిలబడ్డాడు.

"ఆ రాగులు పిల్లోళ్ళకు ఇచ్చేయండి సామీ. రాసుకోండి. నాకు రాయను రాదు, ఏలిముద్ర వేస్తాను."

శ్రీరంగప్పకు నోటుబుక్కు తెరవడానికి చేతులు రాలేదు. కొండప్ప తీసుకొని రాశాడు. ముసలివాడు దాని కింద బొటనవేలు అద్దాడు.

నాగక్క జీపు పక్కకు వచ్చింది.

"నెలనెలా బండి నీ మందలోనుంచే తోలుకొని పోతిని పెద్దాయనా. గొర్రెలను పక్కకు తోలి దారి ఇస్తివి. రాగులెవరివో తెలీక, నేనైనా నిన్ను అడగలేదు."

"నాకూ నువ్వెవరో తెలీదు గదమ్మా. ఏదో మూటల బండి అనుకొంటిని." గుర్రప్ప మందను చూశాడు. "వీటిని ఎవురు తోలుతారో."

నాగక్క కింద పడిన కట్టె తీసుకొంది.

"ఎన్ని ఉండాయి?"

"నలభై ఒకటి. ఒకటి కుంటిది. అది కడాన వస్తాది. కొంచెం నిలబడాల దానికి."

"నిలబడతాలే."

జీపు కదిలింది. గొర్రెలు కొంతదూరం దాని వెనక పరిగెత్తి, దుమ్ములో దారి కనపడక ఆగిపోయాయి. నాగక్క వాటిని రోడ్డు దించి లెక్కపెట్టింది. నలభై వచ్చాయి. ఆమె కట్టె ఆనుకొని, మిగిలినదాని కోసం అక్కడే నిలబడింది.